నీళ్ళలోకి వద్దన్న రోజు

ఒసోయూస్ వెళ్ళే దారిలో, కెరెమియోస్ అనే ఊళ్ళో పళ్ళ దుకాణం దగ్గర కారు ఆపి భరద్వాజ్ రెండు పెట్టెల పీచ్ పళ్ళు కొన్నాడు. ఒక పెట్టె కార్లో తినమని ఇచ్చాడు. రెండోది ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి డిక్కీలో సామాన్ల మధ్య జాగ్రత్తగా సర్దాడు.

"అదెవరికన్నా?" అంది వర్ష.

"ఎవరికో ఒకరికి పనికొస్తుందిలే" అన్నాడు.

భరద్వాజ్ ఊరికే ఏదీ కొనే మనిషి కాదు. అది చెల్లెలికి తెలుసు. కానీ ఆ రోజు ఆమెకి అనుమానం రాలేదు. అనుమానపడే తీరిక కూడా లేదు. వాంకూవర్ పక్కనున్న సర్రీలో ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో ఆమెది క్యాజువల్ ఉద్యోగం. ఎవరైనా పనికి రాకపోతే ఫోన్ వస్తుంది, ఉన్నపళంగా పరిగెత్తాలి. ఆ వేసవి మొత్తంలో వరసగా రెండు రోజులు సెలవు దొరకడం అదే మొదటిసారి. "లాంగ్ వీకెండ్‌కి ఒసోయూస్ పోదాం, కెనడాలో ఎడారి చూద్దువుగాని" అని అన్నయ్య తనంతట తనే పిలిచినప్పుడు ఆమె ఒక్కటే అడిగింది: "అక్కడ ఈత కొట్టొచ్చా?"

"ఎందుకు కొట్టకూడదు? అంత వెచ్చటి సరస్సు ఈ దేశంలో ఎక్కడుంది?" అన్నాడు అప్పుడు.

వర్షకి ఈత చిన్నప్పుడే వచ్చు. కొత్తగూడెంలో నాన్న సింగరేణి ఉద్యోగి. కంపెనీ వాళ్ళ ఈతకొలనులో ఆడపిల్లలకి వేరే టైమ్ పెట్టిన ఏడాది అందరికంటే ముందు పేరిచ్చింది తనే. కెనడా వచ్చాక మాత్రం ఒక్కసారి కూడా నీళ్ళలో దిగలేదు. ఏడాది కోర్సు, దాని తర్వాత ఏడాది వర్క్ పర్మిట్. బేస్‌మెంట్ గదిలో ఇంకో ముగ్గురు అమ్మాయిలతో కాపురం. స్నానానికి కూడా వంతులే.

కొండ మలుపు తిరిగి కారు కిందికి దిగుతుంటే లోయ మొత్తం ఒక్కసారిగా కనబడింది. ఎండకి మాడిన కొండలు, వాటి నిండా బూడిదరంగు పొదలు, నడుమ పొడుగ్గా నీలంగా సరస్సు. కిటికీ అద్దం దించితే పెనం మీంచి వచ్చినట్టు వేడిగాలి కొట్టింది.

"ఇట్స్ లైక్ యాన్ అవెన్!" అంది వెనక సీట్లోంచి రిషిత. భరద్వాజ్ కూతురు, తొమ్మిదేళ్ళది.

"మన కొత్తగూడెం మే నెల ఇట్లనే ఉంటదే" అంది వర్ష. ఆ ఎండకి ఆమె ప్రాణం లేచొచ్చింది.

ఒడ్డున పార్కు జనంతో నిండి ఉంది. చుట్టుపక్కల తోటల్లోంచి వచ్చిన పంజాబీ కుటుంబాలు పెద్ద పెద్ద గిన్నెలతో చెట్ల కింద దిగిపోయాయి. పొదల్లోకి వెళ్ళొద్దు, రాటిల్‌స్నేకులనే విషప్పాములుంటాయి అని ఒక బోర్డు. దాని పక్కనే పిల్లలు ఐస్‌క్రీమ్ తింటున్నారు. భరద్వాజ్ మాత్రం నాలుగు బల్లలు చూసి, ఒక్కటీ నచ్చక, చివరికి అందరికీ దూరంగా ఒక పెద్ద చెట్టు నీడలో బల్ల చూసుకున్నాడు. దాన్ని తడిబట్టతో తుడిచాడు. దుప్పటి పరిచాడు. మళ్ళీ దులిపి పరిచాడు.

వర్ష తువ్వాలు భుజాన వేసుకుని నిలబడింది. ఈత కోసమే కొనుక్కున్న పొడుగు చేతుల చొక్కా, లెగ్గింగ్స్ ఇంటి దగ్గరే వేసుకొచ్చింది.

"నీళ్ళలోకి ఇప్పుడే వద్దు" అన్నాడు భరద్వాజ్.

"ఎందుకు?"

"జుట్టు తడుస్తుంది. ముందు ఫోటోలు దిగుదాం. వదిన నీ ఆకుపచ్చ చుడీదార్ తెచ్చింది. మార్చుకునిరా."

"ఈ ఎండలో పట్టు చుడీదారా? ఏమైంది వదినా ఈయనకి?"

భరద్వాజ్ భార్య తేజశ్రీ తలెత్తలేదు. చపాతీల డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసింది.

ఇసకలో గుంట తవ్వుకుంటున్న రిషిత ఆ సందులో అడిగింది. "అత్తా, ఇఫ్ యు గెట్ మ్యారీడ్, డు ఐ గెట్ టు మిస్ స్కూల్?"

"ఎవరి పెళ్ళే?"

"యువర్స్! ద కెలోనా గయ్ ఈజ్ కమింగ్ ఫర్ లంచ్. డాడ్ సెడ్ ఇట్స్ ఎ సర్‌ప్రైజ్."

పక్క బల్ల దగ్గర ఎవరో పుచ్చకాయ కోస్తున్నారు.

వర్ష అన్నయ్య వైపు తిరిగింది. కోపం వస్తే ఆమె మాట నేరుగా కొత్తగూడెం వెళ్ళిపోతుంది. "నాకు చెప్పకుంట నన్నే చూపిస్తున్నవా?"

"చెబితే రావు కాబట్టి చెప్పలేదు" అన్నాడు భరద్వాజ్. తప్పించుకునే ప్రయత్నం చెయ్యలేదు. "కూర్చో. రెండు నిమిషాలు విను. నీ వర్క్ పర్మిట్ డిసెంబర్‌తో అయిపోతోంది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో PRకి, అదే శాశ్వత నివాసానికి, పెట్టిన కటాఫ్ నీ స్కోరుకి అందేంత దూరంలో లేదు. నేను ఇక్కడ ఉన్నందుకు నీకొచ్చేవి పదిహేను పాయింట్లు. అంతకు మించి అన్నగా నేను చెయ్యగలిగింది చట్టంలో లేదు. అందుకే ఈ సంబంధం చూశా. అతను సిటిజన్. కెలోనాలో సొంతిల్లు. మంచివాళ్ళు."

"వెర్నన్ ఉద్యోగం సంగతేంటి?"

కెలోనాకి అవతల ఉండే వెర్నన్‌లో ఒక కేర్ హోమ్ వాళ్ళు ఆమెకి ఫుల్‌టైమ్ ఉద్యోగం ఇస్తామన్నారు. ప్రావిన్స్ ద్వారా PRకి తాము సపోర్ట్ చేస్తామని కూడా చెప్పారు. ఒకసారి వచ్చి చూసి, ఈ వారంలో మాట చెప్పమన్నారు. ఆ సంగతి ఆమె చెప్పినప్పుడు భరద్వాజ్ నవ్వి ఊరుకున్నాడు. ఇప్పుడు నవ్వలేదు.

"ఎవరున్నారు నీకక్కడ? మంచులో ఒక్కదానివే. రేపు ఆ మేనేజర్ మాట మారిస్తే? రూల్ మారిస్తే? ఈ జనవరి నుంచి ఎన్ని రూల్స్ మార్చారో చూశావుగా."

"రూల్ మారతదని మొగుణ్ణి చేసుకోవాల్నా?"

"వెటకారం వద్దు వర్షా." అతని గొంతు తగ్గింది. "డాలస్‌లో నా వీసా ఎక్స్‌టెన్షన్ రిజెక్ట్ అయినప్పుడు నువ్వు ఇంటర్‌లో ఉన్నావు. నీకు తెలీదు. రిషితకి మూడేళ్ళు. ఆరేళ్ళు టాక్స్ కట్టిన ఊళ్ళోంచి సోఫాలు రోడ్డు మీద పెట్టేసి వచ్చాం. కాగితం లేకపోతే ఇక్కడ మనిషే లేడు. అది నేను చూశాను. నువ్వు చూడకూడదు."

వర్ష మెత్తబడింది, ఒక్క క్షణం. అన్నయ్య అబద్ధం చెప్పడం లేదు. ఇప్పటికీ తలుపు దగ్గర పోస్ట్ పడిన చప్పుడైతే అతను ఉలిక్కిపడడం ఆమె చూసింది.

"నీకు భయం వేసింది, నిజమే" అంది నెమ్మదిగా. "నీ భయానికి నన్ను తీసుకుపోయి అప్పజెప్పకన్నా."

"వాళ్ళు దారిలో ఉన్నారు. ఇప్పుడు వెనక్కి పొమ్మనలేను. ఒక గంట ఆ డ్రెస్ వేసుకుని కూర్చో. నచ్చకపోతే ఇంటికెళ్ళాక చెబుదాం."

"ఇంటికెళ్ళాక నువ్వు చెప్పవు. అమ్మతో నాకు ఫోన్ చేయిస్తావు."

భరద్వాజ్ వంగి దుప్పటి అంచు సర్దసాగాడు. అంటే అమ్మకి కూడా తెలుసన్నమాట.

వర్ష చెప్పులు విడిచి బల్ల కింద పెట్టింది. "నేను ఈతకి వచ్చిన. ఈత కొడతా" అని ఇసక మీద నడిచింది. ఇసక కాలుతోంది. ఆమె పరిగెత్తలేదు. వెనకనుంచి అన్నయ్య పిలిచాడు, రెండోసారి ఇంకా గట్టిగా పిలిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూసేసరికి ఆపేశాడు.

నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి, నడుం దాకా వచ్చాయి. వెచ్చగానే ఉన్నాయి. ఒక్క మునక వేసింది. చెవుల్లో అన్ని గొంతులూ ఆగిపోయాయి. పైకి తేలి చేతులు చాచింది. మొదట్లో ఊపిరి అందలేదు, భుజాలు పట్టేశాయి. ముసలివాళ్ళని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి ఎత్తే భుజాలు అవి. వేరే కదలిక మర్చిపోయాయి. కాసేపటికి వాటికే గుర్తొచ్చింది. ఈతగాళ్ళ హద్దు కోసం కట్టిన పసుపు బంతుల వరస దాకా వెళ్ళి, ఒకదాన్ని పట్టుకుని వేలాడింది.

అక్కణ్ణుంచి ఒడ్డు చిన్నగా ఉంది. తెల్లటి కారొకటి వచ్చి ఆగడం, ముగ్గురు దిగడం, అన్నయ్య రెండు చేతులూ జోడించి ఎదురెళ్ళడం కనబడింది. డిక్కీలోంచి పీచ్ పళ్ళ పెట్టె తీసి పెద్దావిడ చేతికిచ్చాడు.

అక్కడే ఉండిపోతే సరిపోతుందనిపించింది ఆమెకి. వాళ్ళు విసిగి వెళ్ళిపోతారు. తర్వాత జ్వరమనో, తలనొప్పనో అన్నయ్య ఏదో సర్దుతాడు. కానీ అప్పుడు ఆమె మాట ఎవరి చెవినా పడదు. వచ్చే నెల ఇంకో సరస్సు, ఇంకో పళ్ళ పెట్టె.

ఒడ్డుకి ఈదుకుంటూ వచ్చింది. తువ్వాలు భుజాల మీద కప్పుకుని, నీళ్ళు కారుతున్న జుట్టుతో బల్ల దగ్గరికెళ్ళి, "నమస్తే అంకుల్, నమస్తే ఆంటీ" అని అన్నయ్య ఎదురుగా కూర్చుంది. దుప్పటి తడిసింది. భరద్వాజ్ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

వచ్చినవాళ్ళది సామర్లకోట. కోదండరామ్ గారు, ఆయన భార్య సరోజన గారు, కొడుకు త్యాగరాజు. ఇరవయ్యేళ్ళుగా కెనడాలోనే ఉన్నారు. త్యాగరాజు ముప్పై దాటినవాడు, ఇస్త్రీ చొక్కా, మర్యాదగా మాట్లాడే మనిషి. షేక్‌హ్యాండ్ కోసం చెయ్యి చాచి, ఆమె చేతి తడి చూసి, వెనక్కి తీసుకోవాలా వద్దా అని ఆగిపోయాడు.

"నీళ్ళు వెచ్చగా ఉన్నాయామ్మా?" అన్నారు కోదండరామ్ గారు.

"చాలా బావున్నాయంకుల్."

"ఇన్నేళ్ళలో నేను ఒక్కసారీ దిగలేదు. భయం."

"ఆ మాటలు తర్వాత" అంది సరోజన గారు. ఆవిడ వర్ష జుట్టు వంక ఒకసారి చూసి చూపు తిప్పేసుకుంది. "ఉన్నమాట చెప్తానమ్మా. స్టూడెంట్‌గా వచ్చిన పిల్ల అనగానే మా చుట్టాలు వద్దన్నారు. ఈ రెండు మూడేళ్ళలో గుంపులుగా వచ్చి పడ్డారు కదా. ఇళ్ళు దొరకవు, పిల్లలకి సమ్మర్ జాబులు దొరకవు. ఇక్కడివాళ్ళు మనందర్నీ ఒకే గాటన కడుతున్నారు. మావాడే అన్నాడు, పోనీలే అమ్మా, ఒక అమ్మాయికి మేలు చేసినట్టు ఉంటుంది అని."

భరద్వాజ్ తలూపాడు. మొహమాటానికే ఊపి ఉంటాడు. కానీ ఊపడం వర్ష చూసింది. ఆవిడ మాటలకంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

త్యాగరాజు గొంతు సవరించుకున్నాడు. "మీరు హెల్త్ కేర్ అని భరద్వాజ్ గారు చెప్పారు. అమ్మకి రెండు మోకాళ్ళూ ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. పెళ్ళయ్యాక మీరు బయటికెళ్ళి కష్టపడక్కర్లేదు. ఇంట్లో అమ్మని చూసుకుంటే చాలు. మీకు అలవాటైన పనే కదా. స్పాన్సర్‌షిప్ పేపర్లన్నీ నేను చూసుకుంటా. మీకే టెన్షన్ ఉండదు."

అతను అది దయగానే అన్నాడు. మంచి వార్త చెబుతున్నవాడిలా చిన్నగా నవ్వాడు కూడా.

వర్ష తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "త్యాగరాజు గారూ, మీ అమ్మగారికి సాయం ఉండడానికి మనిషి కావాలంటే వెతుక్కోండి, దొరుకుతారు. దానికి పెళ్ళెందుకు? నాకు ఈ సంబంధం ఇష్టం లేదు. మీరొస్తున్నట్టు నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది. ముందే తెలిసుంటే మిమ్మల్ని ఇంత దూరం రానిచ్చేదాన్ని కాదు. దానికి సారీ."

"వర్షా!" అన్నాడు భరద్వాజ్.

"ఇంకొక్క మాటన్నా." ఆమె సరోజన గారి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "ఆంటీ, గుంపుగానే వచ్చాం. రమ్మని ఊరూరా కన్సల్టెన్సీలు పెట్టి పిలిస్తేనే వచ్చాం. మా ఫీజులు తీసుకున్నప్పుడు ఎవరూ గుంపు అనలేదు. రేపు మీ ఆపరేషన్ అయ్యాక మిమ్మల్ని పట్టుకుని లేపి మొదటి అడుగు వేయించేది కూడా మాలో ఒక పిల్లే అవ్వచ్చు. ఆ పిల్లని గుంపు అనకండి. పేరేంటని అడగండి."

సరోజన గారు చేతిసంచి దగ్గరికి లాక్కుంది. "విన్నావుట్రా? మేలు చేద్దామని వస్తే!" అంది కొడుకుతో. త్యాగరాజు చెవులు ఎర్రబడ్డాయి. కోదండరామ్ గారు సరస్సు వైపు చూస్తున్నారు.

భరద్వాజ్ చెల్లెల్ని చెయ్యి పట్టుకుని చెట్టు వెనక్కి తీసుకెళ్ళాడు. తేజశ్రీ కూడా వెనకే వచ్చింది.

"నా పరువు తీశావు."

"నన్ను వెర్నన్‌లో దింపు అన్నా. ఇంకేం అడగను."

"దింపను. ఆ ఊరికి వెళ్తే మళ్ళీ నా ఇంటికి రాకు. డిసెంబర్‌లో పర్మిట్ అయిపోయాక ఏడుస్తూ ఫోన్ చెయ్యకు."

"సరే" అంది వర్ష.

అతను ఆ జవాబుకి సిద్ధంగా లేడు. "ఏంటి సరే?"

"ఏడుస్తూ చెయ్యను. మామూలుగా చేస్తా."

ఆమె వదిన దగ్గరున్న తన ఫోన్ తీసుకుని బస్సుల కోసం చూసింది. లాంగ్ వీకెండ్, మళ్ళీ మంగళవారం దాకా లేవు. ఫోన్ చేత్తో పట్టుకుని బల్ల దగ్గరికి నడిచింది. అతిథులు వెళ్ళడానికి లేస్తున్నారు.

"అంకుల్, మీరు తిరిగి కెలోనాకేగా వెళ్ళేది? కార్లో వెనక సీటు ఖాళీ ఉంటే నన్ను తీసుకెళ్తారా? అక్కణ్ణుంచి వెర్నన్‌కి సిటీ బస్సులున్నాయి. రేపు నాకక్కడ ఉద్యోగం పని ఉంది."

సరోజన గారు కళ్ళు పెద్దవి చేసి చూసింది. త్యాగరాజు తాళంచెవి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కోదండరామ్ గారికి మాత్రం నవ్వొచ్చింది, ఆపుకోలేని నవ్వు. "మా సంబంధం వద్దని మా కారే ఎక్కుతానంటావు! ఎక్కమ్మా. నీ సామాను ఏది?"

సామాను అప్పటికే తేజశ్రీ చేతిలో ఉంది. తనే వెళ్ళి కారు డిక్కీ తెరిచి, వర్ష సంచి తీసి, పైన తన ఉన్ని స్వెటర్ ఒకటి కుక్కి తెచ్చింది.

"నువ్వు కూడానా?" అన్నాడు భరద్వాజ్.

"డాలస్ నుంచి వచ్చేటప్పుడు మీరు నన్ను అడగలేదు" అంది తేజశ్రీ. "ఎక్కడికంటే అక్కడికి వచ్చాను. అడిగుంటే కూడా వచ్చేదాన్నే. కానీ అడగలేదు. దాన్ని పోనివ్వండి."

రిషిత పరిగెత్తుకొచ్చి అత్త నడుం పట్టుకుంది. "ఆర్ యు మ్యాడ్ ఎట్ మీ?"

"నీ మీద కోపమా? నువ్వొక్కదానివేగా నాకు నిజం చెప్పింది" అని తడిబట్టలతోనే దాన్ని హత్తుకుంది వర్ష.

తెల్ల కారు ఉత్తరంగా బయల్దేరింది. రోడ్డు పొడుగునా ద్రాక్షతోటలు, ఆపిల్ తోటలు. వర్ష కింద ప్లాస్టిక్ సంచి పరుచుకుని సీటు తడవకుండా కూర్చుంది. పెంటిక్టన్ దాటాక సరోజన గారు వెనక్కి తిరగకుండానే ఒక డబ్బా అందించింది. పులిహోర.

"తిను. ఈదినదానికి ఆకలేస్తుంది. నా కోపం తగ్గిందని కాదు."

"థాంక్స్ ఆంటీ." నిజంగానే ఆకలేస్తోంది. డబ్బా సగం ఖాళీ చేసింది.

కెలోనా పొలిమేరల్లో త్యాగరాజు మొదటిసారి నోరు విప్పాడు. "నేను తప్పుగా ఏమన్నానో నాకింకా అర్థం కాలేదు."

"మీరు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు" అంది వర్ష. "నాకేం కావాలో మీరే చెప్పారు."

అతను అద్దంలోంచి ఒకసారి చూసి, మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు. బస్టాప్ దగ్గర ఆపి, సంచి తనే దించి, "ఆల్ ద బెస్ట్" అన్నాడు. ఆ మాట మాత్రం మనస్ఫూర్తిగానే అన్నాడని వర్షకి అనిపించింది.

మర్నాడు వెర్నన్ కేర్ హోమ్‌లో మేనేజరమ్మ ఆమెని గదులన్నీ తిప్పి చూపించింది. రెండు ప్రశ్నలు ఆవిడ అడిగింది, అయిదారు వర్ష అడిగింది. సెప్టెంబర్‌లో పనిలో చేరింది. ఒక నర్సు ఇంట్లో పై గదిలో అద్దెకి దిగింది. కిటికీ ఉన్న గది.

భరద్వాజ్ దసరాకి ఫోన్ చెయ్యలేదు, దీపావళికీ చెయ్యలేదు. తేజశ్రీ చేసేది. రిషిత వీడియోకాల్లో స్కూల్ సంగతులు చెప్పేది, వెనకాల భరద్వాజ్ అటూ ఇటూ నడవడం కనబడేది. డిసెంబర్‌లో పర్మిట్ ఆఖరి వారంలో అతనే చేశాడు. పలకరింపు లేదు, నేరుగా అడిగాడు.

"ఎక్స్‌టెన్షన్ పెట్టావా?"

"పెట్టా. జవాబొచ్చేదాకా పని చేసుకోవచ్చు. ప్రావిన్స్ అప్లికేషన్ కూడా వెళ్ళింది."

"వచ్చిందా?"

"ఇంకా లేదు. వస్తదో రాదో ఎవరికీ తెలీదన్నా."

"రాకపోతే?"

"రాకపోతే ఇంకో దారి వెతుకుతా. అదీ దొరక్కపోతే, నా కాళ్ళ మీద నేనే విమానం ఎక్కుతా. ఎవరి ఇంట్లోనో దాక్కుని మాత్రం ఉండను."

"మొండిదానివి" అన్నాడు భరద్వాజ్. కోపంగా అనబోయి, మాట మార్చాడు. "మంచు ఎక్కువగా ఉందా అక్కడ?"

"మస్తు ఉంది. ఉంటాను అన్నా, డ్యూటీ టైమయింది. క్రిస్మస్‌కి ఇక్కడికే రండి ముగ్గురూ. గది చిన్నదే, సర్దుకుందాం."

వస్తామని అతను అనలేదు, రామనీ అనలేదు. రోడ్లు ఎలా ఉన్నాయో చూసి చెప్తానన్నాడు. వర్ష ఫోన్ పెట్టేసి, వదిన ఇచ్చిన స్వెటర్ తొడుక్కుని, మంచులో బూట్లు దిగబడుతుండగా పనికి నడిచి వెళ్ళింది.